అప్‌డేట్: బాపును తిరువయ్యారు తీసుకెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న మా బాపును ఈసారి తంజావూరు దగ్గర తిరువయ్యారులో, త్యాగరాజు సమాధి దగ్గర అందరూ కలిసి ఆయన కృతులు పాడే త్యాగరాజ ఆరాధనకు తీసుకెళ్లాలా వద్దా అని అడిగాను కదా. తీసుకెళ్లాం. హన్మకొండ నుంచి మేం ఐదుగురం, పద్నాలుగో ఏడు ఇది.

మీరు చెప్పినట్టే మడత కుర్చీ పట్టుకెళ్లాం. వరంగల్‌లో చెన్నై రైలెక్కి, అక్కడి నుంచి తంజావూరు. ముందురోజే చేరి ఒక పూట పడుకోనిచ్చాం, అదే మేలయింది. దారంతా సంక్రాంతి సకినాలే.

పుష్య బహుళ పంచమి పొద్దున పందిట్లో బాపును వెనక, అంచున కూర్చోబెట్టాం. ఇన్నేళ్లూ ముందు వరుస కోసం ఉరికేవాళ్లం, వెనక నుంచే గుంపు గొంతు నిండుగా వినిపిస్తుందని ఇప్పుడే తెలిసింది. అందరూ కలిసి పాడే త్యాగరాజు ఐదు కృతులు, పంచరత్నాల్లో మొదటిది, నాట రాగంలోది, సంస్కృతం. రెండోదైన గౌళ రాగం కృతితో తెలుగు మొదలవగానే బాపు గొంతు కలిపాడు. పక్కనున్న తమిళ పెద్దమ్మ తమిళ లిపిలో రాసుకున్న తెలుగు మాటలు పాడుతోంది. వరాళి రాగం కృతి దగ్గర ఆమె ఒక మాటకు అర్థం అడిగితే బాపు చేతులతో చెప్పాడు. మా బిడ్డ అది చూస్తూ పాడటమే మరిచిపోయింది.

చివరిదైన శ్రీరాగం కృతి అయ్యాక బాపును కావేరి మెట్లు మాత్రం దిగనివ్వలేదు. నేనే చెంబుతో నీళ్లు తెచ్చాను.