స్లాబ్ కారుతోంది: వాటర్‌ప్రూఫింగ్ చేయించాలా, పైన రేకులు వేయాలా?

కృష్ణలంక_డాబా:
విజయవాడలో మాది 1997లో కట్టిన డాబా. నాన్నగారు దగ్గరుండి కట్టించారు. రెండేళ్లుగా వాన పడితే వంటింటి పైకప్పు చెమ్మ పడుతోంది. ఈ శ్రావణంలో కింద గిన్నె పెట్టాల్సి వచ్చింది. హాల్లో ఫ్యాను పక్కన జానెడు పెచ్చు ఊడి మంచం మీద పడింది. మా అమ్మాయి అప్పుడే అక్కణ్నించి లేచి వెళ్లింది, అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టట్లేదు.

ముగ్గురికి చూపించాం. ఒకాయన కెమికల్ కోటింగ్ అన్నారు. ఒకాయన పాత గచ్చు మొత్తం పగలగొట్టి మళ్లీ వేయాలన్నారు. మూడో ఆయన "ఎంత పూసినా మళ్లీ కారుద్ది, ఇనుప పైపులు నిలబెట్టి రేకులు వేసేయండి" అంటున్నారు. మా బావగారిదీ అదే మాట. 900 చదరపు అడుగులకి లక్షా డెబ్బై వేలు చెప్పారు. అమ్మ మాత్రం రేకులకి ససేమిరా ఒప్పుకోవట్లేదు. వడియాలు, ఆవకాయ ముక్కలు, వేసవి రాత్రి పక్కలు అన్నీ ఆవిడకి డాబా మీదే. ఏం చేయమంటారు?

గుంటూరు_శ్రీను:
రేకులే వేయండి సార్. అనుభవంతో చెబుతున్నా. ఆరేళ్లలో రెండుసార్లు కోటింగ్ వేయించాను. మొదటిది మూడో వానాకాలానికే పొరలుపొరలుగా లేచిపోయింది. రెండోసారి వేసినాయన ఫోనే ఎత్తలేదు. 2019లో షెడ్డు వేశాక చుక్క పడలేదు. మే నెలలో పైగదిలో పడుకోగలుగుతున్నాం. ముసురు పట్టినా బట్టలు ఆరతాయి, పిల్ల ఓణీల ఫంక్షన్ కూడా ఆ నీడలోనే చేశాం.

ఇంకోటి ఆలోచించండి. మన ఎండకి స్లాబ్ పగలంతా సాగి రాత్రికి ముడుచుకుంటుంది. దాని మీద పూసిన ఏ పొరయినా ఎన్నాళ్లు తట్టుకుంటుంది? నీడ పడితే ఆ బాధ సగం పోయినట్టే కదా.

విశాఖ_వాసి:
శ్రీను గారూ, మీరు గుంటూరులో ఉన్నారు కాబట్టి ఆ మాట అనగలిగారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మేం ఎం.వి.పి. కాలనీలో ఉన్నాం. పక్క డాబా మీది రేకుల షెడ్డు పైపులతో సహా లేచి మా ట్యాంకు పగలగొట్టి వీధిలో పడింది. కారు అద్దాలు పోయినా ఎవరికీ తగలకపోవడం అదృష్టం. గోడల్లేని షెడ్డుని గాలి పైనించి నొక్కదు, కిందనుంచి ఎత్తుతుంది. వేసేవాళ్లు బరువు మోయడం గురించి చెబుతారు గానీ ఎగిరిపోకుండా ఏం చేశారో చెప్పరు. అడిగి చూడండి.

సైటు_ముప్పయ్యేళ్లు:
నేను సివిల్ ఇంజినీరుని, ముప్పయ్యేళ్లుగా సైట్ల మీదే ఉన్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కృష్ణలంక గారూ, మీరు అడిగింది ఒక ప్రశ్న కాదు, రెండు. వంటింట్లో చెమ్మ ఒకటి, హాల్లో పెచ్చు ఒకటి. అసలు భయపడాల్సింది రెండోదానికి. స్లాబ్ లోపలి ఇనుప చువ్వకి తుప్పు పడితే అది ఇనుము కన్నా రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు తీసుకుంటుంది. లోపల ఉబ్బి కింది కాంక్రీటుని తోసేస్తుంది. స్లాబ్ అడుగున చువ్వకి కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలని కట్టడాల నియమావళి (కోడు) చెబుతుంది. ఆ రోజుల్లో చువ్వల కింద కవరు బిళ్లల బదులు కంకర రాయి పెట్టి పోసేసిన ఇళ్లు ఎన్నో చూశాను. కాంక్రీటు పోసేటప్పుడు రాయి జారి చువ్వ సెంట్రింగ్ మీద కూర్చుంటుంది. ఆ తప్పు పాతికేళ్లకి పెచ్చుగా బయటపడుతుంది. రేకులు వేస్తే వాన ఆగుతుంది, పట్టిన తుప్పు ఆగదు. పైగా కారడం లేదు కదా అని ఎవరూ తలెత్తి చూడరు. రేకుల మీద నా అభ్యంతరం ముఖ్యంగా ఇదే.

ఇక చెమ్మ. ఏదైనా పూసే ముందు నీరు ఎక్కడ దిగుతోందో పట్టుకోండి. కొత్త స్లాబ్‌కి నీళ్లు కట్టేటప్పుడు మళ్లు వేస్తామే, అలాగే వేయండి. వంటింటి పైన ఒక మడి, ట్యాంకు దిమ్మె చుట్టూ ఒకటి, పిట్టగోడ వెంట ఒకటి. రోజుకో మడిలో రెండంగుళాల నీళ్లు పెట్టి ఇరవై నాలుగు గంటలు కింద గమనించండి. అంగుళం నీళ్లు చదరపు మీటరుకి పాతిక కిలోల బరువు, రెండంగుళాలు దాటొద్దు. హాలు పైన మాత్రం పెచ్చు ఊడిన చోట ఇంజినీరు చూసి, కింద ముట్లు (స్లాబ్‌కి ఆసరాగా నిలబెట్టే కర్రలు) పెట్టించేదాకా చుక్క నీరు పెట్టొద్దు.

నేను చూసిన ఇళ్లలో ఎక్కువ శాతం నడి స్లాబ్‌లోంచి కారవు. పిట్టగోడ స్లాబ్‌ని కలిసే మూల, వాన గొట్టం గోడలోంచి బయటికెళ్లే చోటు, ట్యాంకు దిమ్మె, వీటిలో ఏదో ఒకటే దొంగ. వాటం సరిగా లేక నీళ్లు నిలిచే చోటు కూడా చూడండి. నూరడుగులకి కనీసం అడుగు వాలు ఉండాలి. శ్రీను గారి మొదటి కోటింగ్ లేచిపోవడానికి కారణం రంగు కాదని నా అనుమానం. నాచు గీకకుండా, చెమ్మ ఆరకుండా పూస్తే ఏదైనా లేస్తుంది.

గుంటూరు_శ్రీను:
సార్, చెప్పింది ఒప్పుకుంటాను. గీకారో లేదో నేను దగ్గరుండి చూడలేదు, ఆఫీసులో ఉన్నాను. కానీ అదే నా బాధ కూడా. మీలాంటి వాళ్లు దగ్గరుంటే పని బాగుంటుంది. మామూలు ఇంటాయనకి ఎవరు దొరుకుతారు? రేకు వేసిందీ లేనిదీ కంటికి కనబడుతుంది. డబ్బాలో ఏ మందు కలిపాడో నాకెలా తెలుస్తుంది?

నంద్యాల_మిద్దె:
మా జేజి కాలంలో ఈ ప్రశ్నే లేదన్నా. మాది చౌడు మిద్దె. దూలాలు, వాటి మీద కట్టెలు, పైన జానెడు చౌడు మన్ను. ఆ మన్ను తడిస్తే మెత్తబడి సందులు తనే మూసుకుంటాది, నీళ్లు దిగవు. అయితే ఏటా వానలకు ముందు చౌడు తోలి పైన పరిచి తొక్కాల్సిందే, గడ్డి పీకాల్సిందే, దోనెల్లో చెత్త తీయాల్సిందే. ఒక్క ఏడు మానుకుంటే ఉరిసేది. మా నాయన దాన్ని తీసి స్లాబ్ పోసినప్పుడు మేస్త్రి "ఇంక పైకెక్కే పనే లేదు" అన్న్యాడు. ఆ మాట నమ్మి పదిహేనేళ్లు ఎవురూ ఎక్కలేదు. ఎక్కి చూస్తే దోనె నిండా వేపాకు, నీళ్లు నిలబడి గచ్చంతా గుల్ల. స్లాబ్‌కైనా ఏటా రోహిణి కార్తెలో ఒక పూట పని ఉంటాది. నా వరకు ఆ పూట పని చేయలేనోళ్లే రేకులేసుకోవాల.

కరీంనగర్_అద్దెఇల్లు:
నేను కిరాయికి ఉంటున్న. మా ఓనర్ స్లాబ్ ఉరుస్తుందని పైన సిమెంటు రేకులు ఏసిండు. కోతులు దుంకి రెండేండ్లల్ల సగం పలిగినయ్. అన్నా, ఎవరైనా రేకులే ఏస్తమంటే సిమెంటువి మాత్రం వద్దు. వాటిల్ల ఆస్బెస్టాస్ పీచు ఉంటది. కోసినా, పలిగినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు పోతది, క్యాన్సర్ అయితదని తేలిన సంగతే. శానా దేశాలు బంద్ పెట్టినయ్, మన దగ్గర ఇంకా అమ్ముతున్నరు. ఎండ కోసమే అయితే తెల్ల కూల్ పెయింట్ చూడుండ్రి. మన తెలంగాణల 2023ల కూల్ రూఫ్ పాలసీ గూడ తెచ్చిండ్రు. మా అక్క వాళ్లింట్ల ఏసినంక పైరూముల కాలు పెట్టబుద్ధి అయితుంది.

కృష్ణలంక_డాబా:
అందరికీ ధన్యవాదాలు. పది రోజులు పట్టింది. మళ్లు నేనే సిమెంటుతో కట్టి నీళ్లు పెట్టాను. వంటింటి పైనున్న మడి, ట్యాంకు మడి రెండింటికీ వంటిల్లు పొడిగానే ఉంది. మూడోరోజు పిట్టగోడ మడిలో నీళ్లు పెడితే నాలుగు గంటల్లో చెమ్మ దిగింది. వాన గొట్టం చుట్టూ వేలు పట్టేంత సందు, అందులో రావి మొక్క వేరు. పోయినేడు ఆ మొక్కని పైపైన తుంచింది నేనే.

హాలు సంగతి వేరే. ఇంజినీరుని పిలిచి కొట్టించి చూస్తే చువ్వ కింద కవరు గోరంత కూడా లేదు. రెండు చువ్వల్ని తుప్పు సగం తినేసింది. ఫ్యాను దించి, ముట్లు పెట్టించి, మంచం బయటికి తీశాం. షెడ్డు డబ్బులు దీనికే పెడుతున్నాం. బావగారు ఇంకా రేకులే అంటున్నారు, అమ్మ మాత్రం మినప్పప్పు నానబోసింది.

సైటు గారూ, మేస్త్రి తుప్పు గీకి మామూలు సిమెంటు పూస్తే సరిపోతుందంటున్నాడు. నిజమేనా?

సైటు_ముప్పయ్యేళ్లు:
వద్దు, రెండేళ్లలో మళ్లీ ఊడుతుంది. చువ్వ చుట్టూ వేలు దూరేలా చెక్కించి, తుప్పుని తీగ బ్రష్‌తో మెరిసేదాకా గీకించండి. ఆ మీదట తుప్పు నిరోధక ప్రైమరు, దాని మీద పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టారు. సగం తిన్న చువ్వల పక్కన కొత్తవి కట్టాలి, రెండు కొసలా తుప్పు లేని చువ్వ మీదికి అడుగున్నర చొప్పున సాగాలి. ఆ రోజు సెలవు పెట్టుకుని మీరు దగ్గరుండండి.