కాలిఫోర్నియాలో లేఆఫ్ తర్వాత డెలివరీ: అన్‌ఎంప్లాయ్‌మెంట్ ముందా, డిసెబిలిటీ ముందా?

శ్రీకాకుళం_టు_ఫ్రీమాంట్:

అందరికీ నమస్కారం. మా ఆవిడ హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చే వర్క్ పర్మిట్) మీద పని చేస్తోంది. కంపెనీలో లేఆఫ్ చెప్పేశారు, ఆఖరి పనిదినం 2025 ఆగస్టు 15. డ్యూ డేట్ అక్టోబర్ 10. డ్యూ డేట్‌కి 4 వారాల ముందు నుంచి, అంటే సెప్టెంబర్ 12 నుంచి, పనికి సెలవు రాస్తానని డాక్టరు అన్నారు. అంటే మధ్యలో 4 వారాలు అటూ ఇటూ కాకుండా ఉంటాం.

ఉద్యోగం పోయాక డిసెబిలిటీ రాదు, అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి పెట్టుకోండి అని హెచ్‌ఆర్ వాళ్లు అంటున్నారు. నిండు నెలల మనిషికి అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఇవ్వరని తెలిసినవాళ్లు అంటున్నారు. రెండూ నిజమైతే మాకు ఏదీ రానట్టే. పేస్టబ్‌లో సీఏ ఎస్‌డీఐ (కాలిఫోర్నియా డిసెబిలిటీ బీమా) అని ప్రతిసారీ కోత మాత్రం పడుతోంది. 2024 జూన్ దాకా తను డాలస్‌లో పని చేసింది, జులై నుంచి ఇక్కడ.

ఏది ఎప్పుడు పెట్టాలి? బిడ్డ పుట్టాక పీఎఫ్‌ఎల్ (బిడ్డతో ఉండే సెలవుకి ఇచ్చే డబ్బు) కూడా వస్తుందా? రేపు గ్రీన్‌కార్డు దగ్గర ఇది అడ్డం పడుతుందా? వివరంగా తెలిసినవాళ్లు చెప్పగలరు.

పేరోల్_పద్మ:

మీరు విన్న రెండు మాటలూ తప్పేనండీ. ఈడీడీ (ఈ డబ్బులిచ్చే కాలిఫోర్నియా శాఖ) ప్రతి రోజుకీ చూసేది ఒక్కటే: ఆ రోజు మనిషి పని చేయగలదా, లేదా. చేయగలిగి పని దొరకని రోజులకి యూఐ, అంటే అన్‌ఎంప్లాయ్‌మెంట్. చేయలేదని డాక్టరు రాసిన రోజులకి డీఐ, అంటే డిసెబిలిటీ. ఒకే రోజుకి రెండూ ఇవ్వరు. ఒకదాని వెనక ఒకటి తీసుకోవడానికి అడ్డేమీ లేదు.

ముందు యూఐ. ఆగస్టు 17 ఆదివారంతో మొదలయ్యే వారంలోనే పెట్టేయండి. క్లెయిమ్ ఏ వారంలో పెడితే ఆ వారపు ఆదివారం నుంచే లెక్క మొదలవుతుంది, ఆలస్యం చేసిన వారాలు పోయినట్టే అనుకోండి. మొదటి వారం వెయిటింగ్, దానికి డబ్బు రాదు. తర్వాత వారానికి గరిష్ఠంగా 450 డాలర్లు. రెండు వారాలకోసారి సర్టిఫై చేయాలి, అంటే ఆ వారాల గురించి ఈడీడీ అడిగే ప్రశ్నలకి జవాబులు పంపాలి. గర్భిణి అని యూఐ ఆపరు. పని చేయగల స్థితిలో ఉండి, నిజంగా ఉద్యోగం వెతుకుతూ, వస్తే చేరడానికి సిద్ధంగా ఉంటే చాలు.

ఈ నాలుగు వారాల యూఐ వల్ల చేతికొచ్చేది తక్కువే. అయినా వదలొద్దు. డీఐ మొదలయ్యే రోజున మనిషి ఉద్యోగంలోనైనా ఉండాలి, ఉద్యోగం వెతుకుతూనైనా ఉండాలి. ఆ రెండో సగం హెచ్‌ఆర్ వాళ్లలో కూడా చాలామందికి తెలియదు. సెప్టెంబర్ 12 దాకా యూఐ సర్టిఫై చేస్తూ వచ్చారంటే, ఉద్యోగం వెతుకుతున్నారనడానికి ఈడీడీ రికార్డే ఆధారం. ఏమీ పెట్టకుండా నెల రోజులు ఊరుకుని, తర్వాత డీఐ పెడితే అప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి.

సెప్టెంబర్ 7 నుంచి 13 వరకు ఉన్న వారం దగ్గర జాగ్రత్త. అనారోగ్యం వల్ల పని చేయలేని రోజులున్నాయా అని సర్టిఫికేషన్‌లో అడుగుతారు. 12, 13 తేదీలు డిసెబిలిటీలోకి వస్తాయి కాబట్టి అవునని, 2 రోజులని రాయాలి. ఆ వారం యూఐలో రోజుకి ఏడో వంతు చొప్పున తగ్గుతుంది, అంతే. లేదని రాస్తే ఓవర్‌పేమెంట్ నోటీసు వస్తుంది. తెలిసే రాశారని తేలితే దాని మీద 30 శాతం జరిమానా. ఆ తర్వాతి వారాలకి యూఐ సర్టిఫై చేయడం ఆపేయండి.

ఇక డీఐ. డిసెబిలిటీ మొదలైన 9 రోజుల తర్వాతే పెట్టాలి, 49 రోజులు దాటకూడదు. మీ తేదీలకి సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 31 లోపు. ఆఖరిదాకా ఆగకండి, అప్పటికి ఇంట్లో పసిబిడ్డ ఉంటుంది. ఇక్కడ కూడా మొదటి 7 రోజులు వెయిటింగే.

ఎంత వస్తుందంటే: సెప్టెంబర్‌లో మొదలయ్యే క్లెయిమ్‌కి 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు వచ్చిన జీతం చూస్తారు. అందులో ఎక్కువ జీతం పడిన క్వార్టర్ ఒక్కటే వారపు మొత్తాన్ని తేలుస్తుంది. డాలస్ జీతం డీఐ లెక్కలోకి రాదు, అక్కడ ఎస్‌డీఐ కోత లేదు కదా. అందువల్ల మీకు మొదటి క్వార్టర్ ఖాళీ, కానీ నష్టం లేదు. మిగతా మూడింటిలో పెద్దది చాలు. బోనస్, ఆర్‌ఎస్‌యూ (కంపెనీ ఇచ్చే షేర్లు) పడిన క్వార్టర్ ఉంటే అదే పనికొస్తుంది. ఉదాహరణకి ఆ క్వార్టర్‌లో 26,000 డాలర్లు వచ్చి ఉంటే వారానికి 2,000. దాని మీద 70 శాతం, అంటే 1,400. జీతం తక్కువగా ఉన్నవాళ్లకి 90 శాతం దాకా ఇస్తారు. 2025లో గరిష్ఠం వారానికి 1,681. 2024 దాకా ఈ శాతాలు 60, 70 మాత్రమే, కాబట్టి పాత పోస్టుల్లో అంకెలు చూసి నిరాశపడకండి.

మామూలు కాన్పుకి పుట్టిన తేదీ నుంచి 6 వారాలు, సి-సెక్షన్‌కి 8. అది అయిపోయాక పీఎఫ్‌ఎల్ 8 వారాలు, వారానికి అదే మొత్తం, వెయిటింగ్ లేదు. తల్లికి కొత్త క్లెయిమ్ అక్కర్లేదు. డీఐ ముగిసేటప్పుడు ఆన్‌లైన్ ఖాతాలోకి డీఈ 2501ఎఫ్‌పీ ఫారం వస్తుంది, అది నింపితే చాలు. మీ జీతంలో కూడా ఎస్‌డీఐ కోస్తుంటే తండ్రిగా మీకూ 8 వారాల పీఎఫ్‌ఎల్ ఉంది, బిడ్డ పుట్టిన 12 నెలల్లోపు విడతలుగా వాడుకోవచ్చు. అయితే పీఎఫ్‌ఎల్ డబ్బే ఇస్తుంది, ఉద్యోగానికి రక్షణ ఇవ్వదు. ఆ రక్షణ సీఎఫ్ఆర్ఏ (కాలిఫోర్నియా కుటుంబ సెలవు చట్టం) కింద వస్తుంది: 5 మంది లేదా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ, 12 నెలల సర్వీసు, గడిచిన ఏడాదిలో 1,250 గంటల పని. లీవు పెట్టే ముందు అది సరిచూసుకోండి.

పీఎఫ్‌ఎల్ అయ్యాక ఆవిడ మళ్లీ ఉద్యోగం వెతికేటట్టయితే పాత యూఐ క్లెయిమ్‌నే రీఓపెన్ చేయాలి. అది మొదలైన రోజు నుంచి ఏడాది బతికే ఉంటుంది. అప్పటికి బిడ్డను చూసుకునే ఏర్పాటు ఉందని చెప్పగలగాలి.

గ్రీన్‌కార్డు గురించి: డీఐ, పీఎఫ్‌ఎల్ ఆవిడ జీతంలోంచి కోసిన డబ్బుతో నడిచే బీమా. యూఐ యజమాని కట్టిన పన్నుతో నడిచేది. 2022 నాటి పబ్లిక్ ఛార్జ్ నిబంధన (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసేది) లెక్కలోకి తీసుకునేది ఎస్‌ఎస్‌ఐ, టానఫ్ లాంటి ఆదాయం చూసి ఇచ్చే నగదు సాయాన్ని. ఇవి ఆ కోవలోకి రావు. భయంతో హక్కుగా వచ్చేది వదులుకునేవాళ్లు మనలో ఎక్కువ, అలా చేయకండి.

క్లినిక్_డెస్క్:

పైన చెప్పినదంతా సరే. క్లెయిమ్‌లు ఎక్కువగా ఆగేది డాక్టరు భాగం దగ్గర, పేరు దగ్గర. అవి చెబుతాను.

మీ భాగం ఆన్‌లైన్‌లో పంపగానే ఆర్ అక్షరంతో మొదలయ్యే రసీదు నంబరు వస్తుంది. అది డాక్టరు ఆఫీసుకి ఇవ్వకపోతే వాళ్లు తమ భాగం నింపలేరు. ఆ రోజే పోర్టల్‌లో మెసేజ్ పెట్టండి, డిసెబిలిటీ ఫారాలు చూసే మనిషి ఎవరో కనుక్కోండి. ఆ మెసేజ్‌లోనే డిసెబిలిటీ మొదటి రోజు సెప్టెంబర్ 12 అని రాయండి. మీరు ఒక తేదీ, డాక్టరు ఒక తేదీ రాస్తే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. 12 కంటే ముందే బీపీ పెరిగో ఇంకేదన్నా ఇబ్బంది వచ్చో డాక్టరు విశ్రాంతి రాస్తే, ఆ తేదీ నుంచే డీఐ. నాలుగు వారాలన్నది మామూలు కేసుకే. అప్పుడు యూఐ కూడా ఆ రోజుతోనే ఆపాలి.

ఫారంలో ఆఖరి పనిదినం ఆగస్టు 15, డిసెబిలిటీ సెప్టెంబర్ 12 అని చూసి మధ్యలో ఏం జరిగిందని అడగవచ్చు. లేఆఫ్ అయింది, యూఐ తీసుకుంటూ ఉద్యోగం వెతుకుతున్నాను అని సూటిగా రాయండి. లేఆఫ్ లెటర్ కాపీ దగ్గర ఉంచుకోండి.

కాన్పు అయ్యాక ఆగిపోయేది ఇంకొకటి. మొదట డాక్టరు ఇచ్చిన ముగింపు తేదీ మామూలు కాన్పు లెక్కన, డ్యూ డేట్ ఆధారంగా ఉంటుంది. బిడ్డ ఆలస్యంగా పుట్టినా, సి-సెక్షన్ అయినా ఆ తేదీ దానంతటదే మారదు. డాక్టరు ఆఫీసు డీఈ 2525ఎక్స్‌ఎక్స్ ద్వారా పుట్టిన తేదీ, కాన్పు రకం, కొత్త ముగింపు తేదీ పంపాలి. డిశ్చార్జ్ అయిన వారంలోనే అడగండి. సి-సెక్షన్ అయిన తల్లికి ఆరో వారంతో డబ్బు ఆగిపోయి, తర్వాత నెట్టుకురావడం చాలా కష్టం.

పేరు సంగతి మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పొడుగ్గా, సోషల్ సెక్యూరిటీ కార్డులో విడగొట్టి, డ్రైవింగ్ లైసెన్సులో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని ఉండటం మామూలే. క్లెయిమ్‌లో పేరు సోషల్ సెక్యూరిటీ కార్డులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయండి. లైసెన్సులో తేడా ఉంటే ఐడీ డాట్ మీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు చూసే సైటు) తనిఖీ ఫెయిల్ అయ్యే అవకాశం ఎక్కువ. యూఐ పెట్టేటప్పుడే, ఆగస్టులోనే, ఆ తనిఖీ పూర్తి చేసుకోండి. గుర్తింపు పత్రాలు అడుగుతూ ఉత్తరం వస్తే అందులో రాసిన గడువులోపు పంపాలి. అడ్రసు మారుతుంటే ముందు ఈడీడీలో మార్చండి.

గుంటూరు_మిర్చి:

ఇదే కేసు హెచ్1బీ మీద ఉన్నవాళ్లకైతే?

పేరోల్_పద్మ:

హెచ్1బీలో లెక్క మారుతుందండీ. డీఐ, పీఎఫ్‌ఎల్‌కి వీసా రకం అడ్డం కాదు, ఎస్‌డీఐ కోత పడిన జీతం ఉంటే చాలు. చిక్కు యూఐ దగ్గర. ఉద్యోగం దొరికితే వెంటనే చేరడానికి అనుమతి ఉండాలి. హెచ్1బీ ఒక యజమానికి కట్టిపడేసిన అనుమతి కాబట్టి యూఐ సాధారణంగా నిలబడదు. ఈఏడీ ఉన్నవాళ్లకి ఆ ఇబ్బంది లేదు.

అందుకే హెచ్1బీలో డిసెబిలిటీ తేదీ ఆఖరి పనిదినం కంటే ముందు పడటం చాలా ముఖ్యం. ఉద్యోగంలో ఉండగా డీఐ మొదలైతే, తర్వాత లేఆఫ్ అయినా డాక్టరు రాసిన తేదీ దాకా అది సాగుతుంది. ఆఖరి తేదీని కొన్ని వారాలు పొడిగించమని కంపెనీని అడగదలిస్తే సెవరెన్స్ (లేఆఫ్ పరిహారం) కాగితం మీద సంతకం పెట్టక ముందే అడగండి.

డీఐ వస్తోంది కదా అని స్టేటస్ ఉన్నట్టు అనుకోవద్దు. ఉద్యోగం ముగిశాక గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్, ఐ-94 (దేశంలో ఉండటానికి ఇచ్చిన గడువు) ముందే ముగిసిపోతే అంతవరకే. ఆలోగా కొత్త ఉద్యోగమో, హెచ్4కి మార్పో పెట్టాలి, దానికి లాయరుతో మాట్లాడాలి. ఉద్యోగం ఉండి ప్రసూతి లీవులో మాత్రమే ఉన్నవాళ్లకి జీతం ఆగినా స్టేటస్ చెడదు. కానీ ఆ ఏడాది డబ్ల్యూ-2 (ఏడాది జీతం చూపే కాగితం) తగ్గి కనిపిస్తుంది. హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్‌కి వెళ్లేటప్పుడు లీవు తేదీలతో కంపెనీ లెటరు, ఈడీడీ చెల్లింపుల కాగితం వెంట ఉంచుకోండి.

పన్ను గురించి కూడా: యూఐకి ఫెడరల్ పన్ను ఉంది, కాలిఫోర్నియా పన్ను లేదు. పీఎఫ్‌ఎల్‌కీ అంతే. డీఐకి మామూలుగా పన్ను ఉండదు. కానీ యూఐ బదులుగా వచ్చిన డీఐకి, యూఐ మొత్తం మేరకు, పన్ను ఉంటుంది, 1099-జీ అనే పన్ను కాగితం వస్తుంది. ప్రశ్న అడిగిన వారికి ఇది వర్తిస్తుంది.

ఎడిసన్_వాసి:

న్యూజెర్సీ వాళ్లు ఇది చదివి అలాగే చేయకండి, ఇక్కడ దారి వేరు. ఆఖరి పనిదినం తర్వాత 14 రోజుల్లోపు డిసెబిలిటీ మొదలైతే మామూలు టీడీఐ (న్యూజెర్సీ డిసెబిలిటీ బీమా), సగటు జీతంలో 85 శాతం, 2025లో గరిష్ఠం వారానికి 1,081 డాలర్లు. 14 రోజులు దాటితే "డిసెబిలిటీ డ్యూరింగ్ అన్‌ఎంప్లాయ్‌మెంట్" అనే వేరే పథకంలోకి వెళుతుంది, అది యూఐ రేటుకే ఇస్తారు. కాబట్టి ఇక్కడ ఆ రెండు వారాల గీత ఎటువైపు పడుతుందో చూసుకునే డాక్టరుతో తేదీ మాట్లాడాలి. బిడ్డతో ఉండటానికి 12 వారాలు. టెక్సస్‌లో అయితే రాష్ట్ర పథకమే లేదు, కంపెనీ షార్ట్ టర్మ్ డిసెబిలిటీ పాలసీ ఉంటే అదే.

క్లినిక్_డెస్క్:

ఒకటి మరిచాం, ఇన్సూరెన్స్. ఆవిడ కంపెనీ కవరేజీ ఏ రోజుతో ఆగుతుందో హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. కొన్నిచోట్ల నెలాఖరు దాకా ఉంటుంది, కొన్నిచోట్ల ఆ రోజుతోనే ఆగుతుంది. మీ కంపెనీ ప్లాన్‌లోకి మార్చాలంటే సాధారణంగా కవరేజీ పోయిన 30 రోజుల్లోపే. కానీ ఏడాది మధ్యలో ప్లాన్ మారితే డిడక్టిబుల్ (బీమా చెల్లించే ముందు మనం పెట్టుకోవాల్సింది), అవుట్ ఆఫ్ పాకెట్ (ఏడాదికి మన వాటా పరిమితి) రెండూ సున్నా నుంచి మొదలవుతాయి. మీ ప్లాన్‌లో ఆవిడ డాక్టరు, కాన్పు చేసే ఆసుపత్రి లేకపోవచ్చు కూడా. ఇప్పటికే డిడక్టిబుల్ తీరిపోయి ఉంటే కోబ్రా (పాత కంపెనీ ప్లాన్‌నే సొంత డబ్బుతో కొనసాగించడం) మేలు కావచ్చు, ప్రీమియం 102 శాతం దాకా కట్టాల్సి వచ్చినా. కోబ్రా ఎంచుకోవడానికి 60 రోజులు ఉంటాయి, కట్టాక కవరేజీ పోయిన రోజు నుంచే వర్తిస్తుంది. రెండు ప్లాన్ల కాగితాలూ పక్కపక్కన పెట్టి, కాన్పు బిల్లు వేసి లెక్క చూడండి. ఏ ప్లాన్‌లో ఉన్నా, పుట్టిన బిడ్డను 30 రోజుల్లోపు చేర్చండి. సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.