ఫైర్ డ్యాంపర్ ఉంటే చాలా, డక్టే నిప్పుకు తట్టుకోవాలా?

సైట్ ఇంజనీర్:
బేస్‌మెంట్ నుంచి పొగను బయటికి లాగే డక్ట్ ఒకటి పై రెండు అంతస్తుల గుండా వెళ్తోంది. కన్సల్టెంట్ 2 గంటల ఫైర్ రేటింగ్ ఉన్న (అంటే అంతసేపు నిప్పుకు తట్టుకునే) డక్ట్ పెట్టమంటున్నారు. కాంట్రాక్టరేమో మామూలు జీఐ (జింక్ పూత ఉన్న స్టీలు రేకు) డక్ట్ వేసి, గోడ దాటిన ప్రతిచోటా ఫైర్ డ్యాంపర్ (మంట వేడికి డక్ట్‌ను మూసేసే బ్లేడు) పెడితే సరిపోతుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

డక్ట్ పనివాడు:
పదిహేనేళ్లుగా జీఐ షీట్‌తోనే పని చేస్తున్నాను. ఏసీ డక్ట్ అయితే డ్యాంపరే సరైన దారి. రేటింగ్ కోసం నిప్పుకు తట్టుకునే బోర్డుతో చేసే డక్ట్ బరువెక్కువ, సీలింగ్ పైన చోటు మింగేస్తుంది. అవసరం లేనిచోట కూడా రేటింగ్ అడగడం నాకు నచ్చదు.

ఫైర్ కన్సల్టెంట్:
ఏసీ డక్ట్ విషయంలో మీతో ఏకీభవిస్తానండీ. కానీ ఇక్కడ అడిగింది పొగ డక్ట్ గురించి. డ్యాంపర్‌లోని ఫ్యూజ్ లింక్ (బ్లేడును తెరిచి పట్టుకునే చిన్న లోహపు ముక్క) మామూలుగా 72 డిగ్రీల దగ్గరే కరిగి బ్లేడు మూసేస్తుంది. మంటలు రేగినప్పుడే పని చెయ్యాల్సిన డక్ట్ అప్పుడే మూసుకుపోతే ఇక దాన్ని పెట్టి ఏం లాభం? లోపలున్నవాళ్లు పొగలో చిక్కుకుంటారు. కిచెన్ ఎగ్జాస్ట్‌లోనూ అందుకే డ్యాంపర్ వద్దంటాం. జిడ్డు పేరుకుంటే బ్లేడు బిగుసుకుపోతుంది, పైగా ఆ జిడ్డే డక్ట్ లోపల అంటుకుంటుంది.

డక్ట్ పనివాడు:
సరేనండీ, అది ఒప్పుకుంటాను. మరి జీఐ డక్ట్ మీద రాక్ వూల్ (రాతి నారతో చేసిన ఇన్సులేషన్) చుట్టేస్తే?

ఫైర్ కన్సల్టెంట్:
చుట్టినంత మాత్రాన రేటింగ్ రాదు. టెస్ట్ ఫర్నేస్‌లో 2 గంటలకు వేడి సుమారు 1050 డిగ్రీలకు చేరుతుంది. జింక్ పూత 420 దగ్గరే కరుగుతుంది. స్టీలు 600 చేరేసరికి సగానికి పైగా బలం పోగొట్టుకుంటుంది. 10 మీటర్ల డక్ట్ వెయ్యి డిగ్రీల దగ్గర 10 సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. అప్పుడు ఊడేది షీట్ కాదు, జాయింట్లు, వేలాడదీసిన రాడ్లు. నన్నడిగితే అసలు భయపడాల్సింది వాటి గురించే.

అందుకే షీట్, జాయింట్, రాడ్, ఇన్సులేషన్, గోడలో సీలింగ్ అన్నీ కలిపి టెస్ట్ చేస్తారు. యూరోపియన్ టెస్ట్ ప్రమాణం ఈఎన్ 1366-1లో మంట బయట ఉన్నప్పుడు, లోపల ఉన్నప్పుడు వేర్వేరుగా చూస్తారు. పలు ఫైర్ జోన్లు (మంట పాకకుండా వేరుచేసిన భాగాలు) దాటే పొగ డక్ట్‌కు 1366-8 ఉంది. సర్టిఫికెట్‌లో 'ఈ' (E) అంటే మంట బయటికి రాకూడదు, 'ఐ' (I) అంటే అవతలి వైపు వేడి సగటున 140 డిగ్రీలకు మించి పెరగకూడదు, 'ఎస్' (S) అంటే పొగ లీకేజీ పరిమితిలో ఉండాలి. అడ్డంగా వేసేదా, నిలువుగా వేసేదా అని కూడా అందులో ఉంటుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు.

సైట్ ఇంజనీర్:
మాది రెండూ ఉందండీ, బేస్‌మెంట్‌లో అడ్డంగా, షాఫ్ట్‌లో నిలువుగా. కాంట్రాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ ఇప్పుడే తీసి చూశాను. నిలువు గురించే ఉంది, అడ్డం మాట లేదు. రాడ్ సైజు కూడా రాయలేదు. రేపు పని ఆపించి, రెండూ ఉన్న సర్టిఫికెట్ తెచ్చేదాకా డక్ట్ ఎక్కించనివ్వను.