2023 యూరోవిజన్‌లో ఫిన్లాండ్‌ను ఓడించింది భాషా, జ్యూరీయా?

ఉత్తరగాలి (ఎస్పో):
ఐరోపా దేశాలు ఏటా తలా ఒక పాటతో తలపడే పోటీ యూరోవిజన్. 2023 మే 13న లివర్‌పూల్‌లో జరిగిన దాని తుది పోటీలో ఫిన్లాండ్ గాయకుడు క్యారియా పాడిన ‘చా చా చా’కు ప్రేక్షకుల నుంచి 376 పాయింట్లు వచ్చాయి, స్వీడన్ గాయని లోరీన్‌కు 243 మాత్రమే. అయితే ఆయా దేశాల నిపుణుల జ్యూరీలు ఆమెకు 340, ఇతనికి 150 ఇవ్వడంతో 583–526 తేడాతో స్వీడన్ గెలిచింది. ఆ పాట ఫిన్నిష్‌లో కాక ఇంగ్లీషులో ఉండి ఉంటే జ్యూరీలు దాన్ని ఇంత తక్కువగా అంచనా వేసేవి కావని నా అభిప్రాయం. 1961 నుంచి పోటీ పడుతున్న ఫిన్లాండ్ గెలిచింది ఒక్కసారే, 2006లో, అదీ ఇంగ్లీషు పాటతో. సొంత భాషలోనే పాడాలన్న నిబంధన అమలులో ఉన్న 1977–1998 మధ్యకాలంలో పలుమార్లు చివరి స్థానమే దక్కింది. 1982లోనైతే ఒక్క పాయింటు కూడా రాలేదు. సుమారు 55 లక్షల జనాభా గల దేశపు భాష, పొరుగున ఉన్న స్వీడన్ వారికి కూడా బోధపడనిది, ఇంతకంటే ఎంత దూరం వెళ్లగలదు?

త్రిశ్రుతి:
ఉత్తరగాలి గారూ, మీ వాదనను 2017 ఫలితమే ఖండిస్తుంది. పోర్చుగల్ గాయకుడు సాల్వదోర్ సోబ్రాల్ తన భాషలోనే పాడి జ్యూరీలలోనూ ప్రేక్షకులలోనూ మొదటి స్థానం పొందాడు. మన సంగతే చూడండి: 2023 మార్చిలో ఒక తెలుగు పాట ఆస్కార్ అందుకుంది గదా, ఓటు వేసినవారిలో తెలుగు తెలిసినవారు ఎందరుంటారు? 2023లో దేశానికి ఐదుగురు చొప్పున ఉన్న జ్యూరీ సభ్యులు సంగీత రంగంలోని వారు. తుది ప్రసారానికి ముందు రాత్రి జరిగే రిహార్సల్ చూసి మార్కులు వేస్తారు, వారు చూడవలసిన అంశాలలో గాత్ర సామర్థ్యం ఒకటి. సగం అరుపులతో, ర్యాప్‌తో సాగి, సగంలో హఠాత్తుగా తేలికపాటి పాప్‌గా మారిపోయే పాటకు ఆ కొలతలో ఎన్ని మార్కులు పడతాయి? (ఆ పాట నాకూ ఇష్టమే, అది వేరే సంగతి.)

ఉత్తరగాలి (ఎస్పో):
సోబ్రాల్‌ది మృదువైన పాట. అది ఏ భాషలో ఉన్నా చెవికి ఎక్కుతుంది. 2021లో ఇటలీ, 2022లో ఉక్రెయిన్ తమ భాషల్లోనే పాడి గెలిచినా, జ్యూరీల లెక్కలో రెండూ నాలుగో స్థానంలోనే నిలిచాయి. ప్రేక్షకులు ఎత్తి నిలబెట్టకపోతే అవి కూడా ఓడిపోయేవే.

లెక్కలమాస్టారు:
ఇద్దరూ 2024ను మరిచారు. క్రొయేషియా పాట చాలావరకు ఇంగ్లీషులోనే సాగింది. ప్రేక్షకులు దానికి 337, స్విట్జర్లాండ్‌కు 226 ఇచ్చారు. జ్యూరీలు స్విట్జర్లాండ్‌కు 365, క్రొయేషియాకు 210 ఇచ్చాయి. 591–547తో స్విట్జర్లాండ్ గెలిచింది. ఇక్కడ భాష అడ్డం రాలేదు, కాని ఫలితం అచ్చు 2023 లాగానే వచ్చింది.

కాగితం మీద లెక్క వేసి చూశాను. జ్యూరీకీ ప్రేక్షకులకూ చెరి సగం అన్న వాటాను మార్చి, ప్రేక్షకుల వాటాను కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే, 2023లో ఫిన్లాండ్, 2024లో క్రొయేషియా, రెండూ దాదాపు ఒకే చోట, అంటే 59 శాతం దగ్గర, ముందుకు వస్తాయి. ఒకటి ఫిన్నిష్ పాట, మరొకటి ఇంగ్లీషు పాట. అడ్డుగోడ ఎత్తు మాత్రం ఒక్కటే. తన ప్రతినిధిని ఎన్నుకునే సొంత పోటీలో ఫిన్లాండ్ ప్రేక్షకులకు 75 శాతం, అంతర్జాతీయ జ్యూరీకి 25 శాతం ఇస్తుంది. ఆ పద్ధతే లివర్‌పూల్‌లో ఉండి ఉంటే సుమారు 320–267తో ఫిన్లాండే గెలిచేది.

త్రిశ్రుతి:
లెక్క బాగుంది. అయినా పొరుగు దేశాలు ఒకదానికొకటి ఓట్లు వేసుకుంటున్నాయన్న ఫిర్యాదుల వల్లనే 2009 తుది పోటీలో జ్యూరీలకు సగం వాటా ఇచ్చారు. దాన్ని తగ్గించాలంటే ఆ పాత రోగానికి వేరే మందు చూపవలసి ఉంటుంది.

ఉత్తరగాలి (ఎస్పో):
మాస్టారూ, భాష గురించి నేనన్న మాటను ఆ మేరకు వెనక్కి తీసుకుంటున్నాను. 75 శాతం సంగతి ఇక్కడ ఫిన్లాండ్‌లోనే ఉంటూ కూడా నాకు తట్టలేదు. 2024లో ఫిన్లాండ్ ఇంగ్లీషు పాట పంపి 19వ స్థానంతో సరిపెట్టుకుంది, 2025లో మళ్లీ ఫిన్నిష్‌కే వచ్చి 11వ స్థానం పొందింది. అదే 2025లో స్వీడన్, 1998 తర్వాత మొదటిసారిగా స్వీడిష్ పాటను పంపింది. ఆవిరి స్నానం మీద సాగే ఆ పాటను పాడి నాలుగో స్థానం తెచ్చిపెట్టిన ముగ్గురూ ఫిన్లాండ్‌లోని వోరా ఊరివారు.