గ్రీన్ డే మళ్లీ పాత మోతకి వచ్చిందంట, నిజమేనా?

మిద్దెమీద గిటార్ (అనంతపురం):
అన్నలూ ఒక డౌట్. ఇంజనీరింగ్ హాస్టల్లో ఎవడో పెన్‌డ్రైవ్‌లో ఈ అమెరికా రాక్ బ్యాండ్ గ్రీన్ డే 1994 నాటి ఆల్బమ్ 'డూకీ' ఇస్తే మూడేండ్లు అదే లోకం నాకు. 2012లో మూడు నెలల్లో మూడు ఆల్బమ్‌లు వరసపెట్టి వదిలినారు చూడండి, ఆడ మనసు ఇరిగింది. 2020లో వచ్చింది మొత్తం కలిపి 26 నిమిషాలే, ఉగ్గాని తిని టీ తాగేలోపల అయిపాయ, ఒక్క పాటా గుర్తులేదు. ఇప్పుడు 'సేవియర్స్' ఆల్బమ్‌లో పాత రౌడీ గ్రీన్ డేనే అంటాండారు, వినచ్చా?

బురుజు కాడ (కర్నూలు):
విను సామీ. 2024 జనవరిలో వచ్చింది, ప్రొడ్యూసర్ రాబ్ కవాలో, 'డూకీ', 'అమెరికన్ ఇడియట్' చేసినాయనే. 2020 దాంట్లో చప్పట్లు, సన్న గొంతు అడ్డం పడేవి గదా, ఇందులో గిటార్ మళ్లీ ముందుకొచ్చింది. 2025 మార్చిలో ముంబై లొల్లాపలూజా మ్యూజిక్ ఫెస్టివల్లో వీళ్లు వాయిస్తే రైలెక్కి పోయినా నేను, ఎక్కడో ఎనకాల నిలబడినా, అయినా రెండు దినాలు చెవుల్లో గుయ్యిమనింది.

ఎర్రకారం దోసె:
మోత ఉంది ఒప్పుకుంటా, రౌడీ అంటే మాత్రం ఒప్పుకోను. మా పక్క జాతరలో ఉరుము వాద్యాలు వాయించేటప్పుడు దగ్గర నిలబడి చూడు, చెవికంటే ముందు రొమ్ముకి తగుల్తది. 'డూకీ'లో ట్రే కూల్ డ్రమ్స్ అట్లుంటాయి. ఇది నున్నగా పాలిష్ పెట్టినట్టుంది. పాడే బిల్లీ జో 1972లో పుట్టినాయన, యాభై దాటినాక ఇంకా కాలేజీ పిల్లోని మాదిరి అరవమంటే ఎట్లలే.

మిద్దెమీద గిటార్:
సరే రాత్రికి వింటా. ఇంకోటన్నా, సెకండ్ హ్యాండ్ గిటార్ కొన్నా, 'డూకీ' పాటలు ఎంత కరెక్టుగా వాయించినా రికార్డుతో కలవట్లా, యాడ తప్పు?

బురుజు కాడ (కర్నూలు):
తప్పు నీది కాదప్పా, వాళ్లు ఆరు తీగలూ అర స్వరం కిందికి దించి వాయించినారు, నువ్వు మామూలు ట్యూనింగ్‌లో ఉండావు. దించు ముందు. ఇంక ఆ పాటల్లో వాయించే పవర్ కార్డ్ అంటే పెద్ద విద్యేం కాదు, స, ప రెండు స్వరాలు కలిపి మీటడమే. అరచేతి అంచు బ్రిడ్జి కాడ, అంటే గిటార్ ఒంటి మీద తీగలు ఆనుకునే పట్టీ కాడ, ఆనించి కిందికే కొట్టు, గరగరమంటాది.

మిద్దెమీద గిటార్:
దించినా, కలిసింది అన్నా!! 'సేవియర్స్' కూడా రెండుసార్లు విన్నా, ఫస్ట్ పాటకే లేచి నిలబడినా, నడిమధ్యలో కొంచెం మెత్తబడింది, దోసె అన్న చెప్పింది సగం నిజమే. కిందింటి పెద్దమ్మ మాత్రం పొద్దున్నే మా అమ్మని అడిగిందంట, రాత్రి మిద్దె మీద రేకులు ఎవరు మారుస్తాండారని.