తరగతి బ్లాగును ఎవరు చదవాలి?

సైన్సు ఉపాధ్యాయురాలు (చర్చ ప్రారంభం)

తరగతి బ్లాగులో పిల్లలు రాసే టపాలను బయటివారికి కూడా కనిపించేలా ఉంచాలా, తరగతి వరకే పరిమితం చేయాలా అన్న విషయంలో మా ఉపాధ్యాయులం రెండుగా చీలిపోయాం. బయటివారు చదవాలన్నది నా వాదన. పిల్లలు ఇప్పటిదాకా రాస్తున్నదంతా జవాబు ముందే తెలిసిన ఒక్క మనిషి కోసమే. ఆ మనిషిని నేనే.

గత ఏడాది ఉప్పు స్ఫటికాల ప్రయోగం గురించి ఒక అమ్మాయి "నీటిలో ఉప్పు కలిపి పక్కన పెట్టాము, కొన్ని రోజులకు స్ఫటికాలు వచ్చాయి" అని రాసి ముగించింది. నోటుపుస్తకంలో అయితే నేను టిక్కు పెట్టి వదిలేసేదాన్ని. ఆ రోజు బడికి రాని ఒక అబ్బాయి మాత్రం ఆ టపా చూసి ఇంట్లో ప్రయోగం చేయబోయి, "ఎంత ఉప్పు? వేడినీళ్లా, చన్నీళ్లా? మూత పెట్టారా?" అని వ్యాఖ్య పెట్టాడు. ఆ అమ్మాయి టపాను రెండుసార్లు తిరగరాసింది. ఇక కరగక అడుగున మిగిలేదాకా వేడినీటిలో ఉప్పు కలిపామని, మూత పెడితే నీరు ఆవిరైపోదు కనుక గిన్నెను తెరిచే ఉంచామని చివరి ప్రతిలో ఉంది. ఆ రెండో వాక్యంలోని కారణాన్ని నేను పాఠంలో చెప్పలేదు, ఆమె ఆలోచించి రాసుకున్నది.

గణిత ఉపాధ్యాయుడు

టీచర్ గారూ, మీ ఉదాహరణ మీ వాదనకే ఎదురు నిలుస్తోంది. ప్రశ్న అడిగినది తరగతిలోని పిల్లవాడే కదా, మరి బయటి పాఠకులు ఎందుకు? నలభై మంది వారానికొక టపా రాస్తే, ఒక్కొక్కదానికి ఐదు నిమిషాల చొప్పున 200 నిమిషాలు పడుతుంది. బయటి వ్యాఖ్యలను వడకట్టే పని దీనికి అదనం. తరగతిలో కూడా చాలా వ్యాఖ్యలు "బాగుంది" దగ్గరే ఆగిపోతాయి.

ఒక విద్యార్థి తల్లి

నా భయం వేరు. మా అబ్బాయి చదివిన ఒక బడిలో పిల్లల ఫొటో, పూర్తి పేరు, తరగతితో సహా వ్యాసాలను అందరికీ కనిపించేలా పెట్టారు. ఇంటి ఆర్థిక ఇబ్బందుల గురించి వాడు అమాయకంగా రాసిన నాలుగు మాటలు కూడా అందులో ఉన్నాయి. తీసివేయించడానికి నేను చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. 2012లో స్కాట్లండ్‌లో తొమ్మిదేళ్ల పాప బడి భోజనం ఫొటోలతో నడిపిన 'నెవర్ సెకండ్స్' బ్లాగుకు లక్షలాది పాఠకులు వచ్చారు. ఫొటోలు తీయకూడదని స్థానిక కౌన్సిల్ నిషేధించి, విమర్శలు రాగానే వెనక్కి తగ్గింది. ఆ పాపకు తండ్రి తోడుగా నిలిచాడు. అలాంటి తోడు లేని పిల్లల మాటేమిటి?

సైన్సు ఉపాధ్యాయురాలు

మాస్టారు చెప్పింది నిజమే, నా ఉదాహరణ నేను అనుకున్నంత దూరం పోదు. అమ్మగారి అనుభవం చదివాక "అందరికీ తెరవాలి" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయినా తరగతి గోడల మధ్యే ఆపాలని ఒప్పుకోలేను. 1920లలో సెలెస్తాఁ ఫ్రెనే అనే ఫ్రెంచి ఉపాధ్యాయుడు దక్షిణ ఫ్రాన్సులోని ఒక పల్లె బడికి చిన్న అచ్చుయంత్రం తెచ్చారు. పిల్లలు తమ రాతలను ఒక్కొక్క అక్షరం పేర్చి అచ్చువేసి, వాయవ్య ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతంలో ఉన్న మరో బడికి తపాలా ద్వారా పంపేవారు. అవతలి పిల్లలకు ఈ కొండపల్లె జీవితం తెలియదు కాబట్టి, తమకు మామూలైన ప్రతి విషయాన్నీ వీరు విప్పి చెప్పవలసి వచ్చేది. నాకు కావలసిన పాఠకులు అటువంటివారు: ఊరూ పేరూ తెలియని జనసమూహం కాదు, తరగతిలో పక్కన కూర్చునేవాడూ కాదు, మన పాఠం వినని మరో బడి పిల్లలు. పాస్‌వర్డుతో రెండు బడులకే తెరిచిన బ్లాగు, అసలు పేర్ల బదులు కలం పేర్లు, ఫొటోలు వద్దు, ఉపాధ్యాయుడు చూశాకే వ్యాఖ్య కనిపించాలి.

కంప్యూటర్ ఉపాధ్యాయుడు

ఒక్క మాట చేరుస్తాను. ఎంచుకునే బ్లాగు సేవ నుంచి టపాలన్నిటినీ మన కంప్యూటర్‌లోకి దించుకునే వీలుందో లేదో ముందే చూడండి. పోస్టరస్ అనే బ్లాగు సేవ 2013 ఏప్రిల్ 30న మూతపడింది, ఆలోగా దించుకోనివారి రాతలు పోయాయి.

ఒక విద్యార్థి తల్లి

టీచర్ గారూ, ఈ పద్ధతికి నేను ఒప్పుకుంటాను, ఒక షరతుతో. తన టపాను తీసేయమని అడిగే హక్కు పిల్లవాడికే ఉండాలి, కారణం చెప్పమని ఎవరూ అడగకూడదు.

గణిత ఉపాధ్యాయుడు

ఆ షరతు న్యాయమైనదే. నా 200 నిమిషాలకు మాత్రం ఇంకా జవాబు రాలేదు. వారానికి ఎనిమిది మందే వంతులవారీగా రాసి, మిగిలినవారు తలా ఒక ప్రశ్న అడిగేలా, టపాకు మార్కులు లేకుండా, ఒక్క టర్ము నడిపి చూద్దామంటే నేనూ వస్తాను.