సమస్యాపూరణం: దొంగతనము చేసి దొరగ నిలిచె

ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం:

దొంగతనము చేసి దొరగ నిలిచె

బేస్‌బాల్ చూసేవారికి ఇందులో చిక్కేమీ లేదు. బంతి విసిరేవాడు బ్యాటర్‌కు బంతి వేసే క్షణం చూసుకుని, బేసు (ఆటగాడు వరుసగా చేరాల్సిన గుర్తు) మీదున్నవాడు తర్వాతి బేసుకు పరుగెత్తడాన్ని ఆ ఆటలో దొంగతనమనే అంటారు. నేను పెట్టిన నియమం ఒక్కటే. పూరణలోని పరుగు నిజంగా జరిగి ఉండాలి.

చికాగో మిత్రుని పూరణ:

నల్లవాని జూచి నవ్విన జనమెల్ల
లేచి నిలిచి చూడ లిప్తలోన
జాకి పరుగు దీసి జయమిచ్చె జట్టుకు
దొంగతనము చేసి దొరగ నిలిచె

"1955 సెప్టెంబరు 28, యాంకీ స్టేడియం. అప్పటికి జాకీ రాబిన్సన్‌కు 36 ఏళ్లు. నా దృష్టిలో ఆయనను మించిన ఆటగాడు లేడు."

నా మాట: గణాలు, యతి చక్కగా కుదిరాయి. తప్పు చరిత్రలో దొర్లింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రాబిన్సన్ మూడో బేసు నుంచి ఏకంగా ఇంటి బేసునే (పరుగు పూర్తయ్యే చోటునే) దొంగిలించాడు, నిజమే. కాని ప్రపంచ సిరీస్‌లో తొలిదైన ఆ ఆటలో ఆయన జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ యాంకీస్ చేతిలో 6-5తో ఓడిపోయారు. వారు గెలిచింది సిరీస్‌ను, అదీ ఏడో ఆటలో. కాబట్టి 'జయమిచ్చె' నిలవదు. 'నవ్విన' కూడా మెత్తని మాటే. 1947లో ఆయన మేజర్ లీగులో అడుగుపెట్టినప్పుడు ఎదురైనవి తిట్లు, బెదిరింపులు. ఇంకో సంగతి, ఆ దృశ్యం చూసినవారు మరిచిపోలేనిది దుమ్ము. దుమ్ములో జారుకుంటూ వచ్చిన కాలు, దాని మీదికి వంగిన యాంకీస్ క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) యోగి బెర్రా, మరుక్షణం అంపైరు మీదికి బెర్రా దూకిన తీరు. అవుటేనని అతను చివరిదాకా వాదించాడు. పద్యంలోకి ఆ దుమ్ము రావాలి.

మిత్రుని సవరణ:

నల్లవాని దిట్టు నాలుక లన్నియు
మూగవోవ, ధూళి ముసురుకొనగ
జాకి యిల్లు చేరె జంకుగొంకులు లేక
దొంగతనము చేసి దొరగ నిలిచె

ఇప్పుడిది పద్యం. 'జంకుగొంకులు లేక' అన్నచోట పరుగు చెవికి వినిపిస్తోంది.

ఓక్లాండ్ నుంచి:

పాత లెక్క దాటి పైకెత్తె బేసును
రెండు చేతులార రిక్కి నాడు
దాచిపెట్టలేదు దాని నెవ్వరి నుండి
దొంగతనము చేసి దొరగ నిలిచె

1991 మే 1. రికీ హెండర్సన్ 939వ దొంగతనంతో లూ బ్రాక్ పేరిట ఉన్న 938 దొంగతనాల రికార్డును దాటి, బేసును నేల నుంచి పెరికి తల మీదికి ఎత్తిన క్షణమిది. బ్రాక్ కూడా అక్కడే ఉన్నాడు. హెండర్సన్ మొత్తం 1,406 దగ్గర ఆగాడు. మూడో పాదం చదివి లేచి నిలబడ్డాను. సమస్యలోని విరోధం అక్కడే విడిపోయింది: దొంగ సొమ్మును అందరికీ చూపించిన దొంగ! దిద్దడానికి ఏమీ లేదు.

విశాఖపట్నం నుంచి:

ముందు కురికి, మరల మొదటికే పరుగెత్తి
ఎఱుక లేనియట్లె, యెదుటి జట్టు
చూచి బిత్తరపడ షేఫరొక్కడె నాడు
దొంగతనము చేసి దొరగ నిలిచె

"మూడో బేసులోని తోటివాడు ఇల్లు చేరేలా బంతి విసిరిద్దామని రెండో బేసు దొంగిలించినా క్యాచర్ విసరలేదని, వెనక్కి పరుగెత్తి మొదటి బేసును దొంగిలించిన జర్మనీ షేఫర్ కథ. లారెన్స్ రిట్టర్ పుస్తకం 'ది గ్లోరీ ఆఫ్ దెయిర్ టైమ్స్'లో డేవీ జోన్స్ చెప్పాడు."

మూడో పాదంలో యతి తప్పింది. చ, ష హల్లులకు మైత్రి ఉంది కాని ఊ, ఏ అచ్చులకు లేదు. 'చేష్టలుడిగి చూడ షేఫరొక్కడె నాడు' అంటే సరిపోతుంది. పుస్తకం సంగతి: 1966లో వచ్చిన ఆ పుస్తకం నాకు ప్రాణం. 1961లో టై కాబ్ పోయాక, మిగిలిన పాతతరం ఆటగాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లి, టేపు రికార్డరు ముందు పెట్టి రిట్టర్ వారిచేత మాట్లాడించాడు. అయితే జోన్స్ చెప్పింది, తామిద్దరూ డెట్రాయిట్ జట్టులో ఉన్నప్పుడు తన కళ్లముందు జరిగిన ముచ్చటగా. రూఢిగా దొరికేది 1911 ఆగస్టు 4న, షేఫర్ వాషింగ్టన్ తరఫున చికాగో మీద చేసిన పని. జ్ఞాపకానికీ లెక్కల పుస్తకానికీ మధ్య ఇలా ఎడం వచ్చినప్పుడు నేను రెండూ దగ్గర పెట్టుకుని చదువుతాను.

హ్యూస్టన్ మిత్రుడు 1951 నాటి న్యూయార్క్ జెయింట్స్ జట్టు మీద రాయవచ్చా అని అడిగారు. తమ మైదానం పోలో గ్రౌండ్స్‌లో దుర్భిణి దాచి, ఏ బంతి వేయాలో ఎదుటి క్యాచర్ చేసే సైగలు దొంగిలించిన వైనమది. రాయండి, కాని చివరి పాదానికి అది ఒప్పదు. వేలమంది చూస్తుండగా, అవుటయ్యే ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకుని పరుగెత్తినవాడే ఇక్కడ దొర.

బోస్టన్ సోదరి పూరణ:

బెంచి మీద నుండి పిలువగా వచ్చిన
డేవు దుమికె జనుల డెందమదర
మూడు సున్నతోడ మునిగిన జట్టుకై
దొంగతనము చేసి దొరగ నిలిచె

2004 అక్టోబరు 17, ఫెన్వే పార్క్, తొమ్మిదో ఇన్నింగ్స్. యాంకీస్‌తో పోరులో బోస్టన్ రెడ్ సాక్స్ అప్పటికి 3-0తో వెనకబడ్డారు. యాంకీస్ పిచర్ మరియానో రివెరా మూడుసార్లు మొదటి బేసుకు బంతి విసిరి బెదిరించినా, బ్యాటర్‌కు వేసిన తొలి బంతికే డేవ్ రాబర్ట్స్ కదిలాడు. ఆ పోరు నెగ్గి, రెడ్ సాక్స్ 1918 తర్వాత మళ్లీ ప్రపంచ సిరీస్ గెలిచింది ఆ ఏడాదే. కాని ఆ ప్రపంచ సిరీస్‌లో రాబర్ట్స్‌కు ఒక్క ఆటలోనూ దిగే అవకాశం రాలేదు. అమ్మా, ఆ మాట మీద ఇంకో పద్యం రాయండి.